డీఎస్సీ టోకెన్ ఇప్పుడు తీసుకోవాలా, కొత్త తాళం వచ్చేదాకా ఆగాలా?

మండపేట రైస్ మిల్లులోనైనా, భీమవరం రొయ్యల ప్లాంటులోనైనా, అమలాపురం కాంట్రాక్టరు ఆఫీసులోనైనా డీఎస్సీ గడువు దగ్గర పడితే ఇప్పుడు అడిగే మాట ఒకటే. “క్వాంటం వచ్చి పాత తాళాలన్నీ పోతాయంటున్నారు కదండీ, మూడేళ్ళది తీసేసుకోమంటారా, కొత్తది వచ్చేదాకా ఏడాదిది చాలంటారా?” డీఎస్సీ అంటే ఇక్కడ టీచర్ల పరీక్ష కాదు, యూఎస్‌బీ టోకెన్‌లో పెట్టి ఇచ్చే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. క్వాంటం అంటే ఇప్పటి డిజిటల్ తాళాల లెక్కని విప్పేయగలదని భయపడుతున్న కొత్త రకం కంప్యూటరు.

మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. మూడేళ్ళదే తీసుకోండి. సంతకం విషయంలో కొత్త ప్రమాణం కోసం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. తొందర పడాల్సింది వేరేచోట ఉంది, దాని గురించి కింద రాశాం. టోకెన్ అనే వస్తువుకి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాం. దాన్ని అమ్మి, అప్పజెప్పి, వాడించే సేవ మన ఊళ్ళలో జరుగుతున్న తీరుకి రెండున్నర దాటదు.

ముందు వస్తువు సంగతి. ఈపాస్2003, ప్రాక్స్‌కీ, ఎంటోకెన్, ఏ పేరుతో వచ్చినా లోపల ఉండేది ఒక చిన్న చిప్. సంతకం చేసే రహస్య తాళంచెవి ఆ చిప్‌లోనే పుడుతుంది, బయటికి రాదు. పత్రం హ్యాష్ (పత్రం నుంచి లెక్కకట్టిన చిన్న గుర్తు) మాత్రం లోపలికి వెళ్తుంది, సంతకం బయటికి వస్తుంది. అందుకే పెన్‌డ్రైవ్‌లా కాపీ తీసి పెట్టుకోవడం కుదరదు, కుదరకపోవడమే దాని గొప్ప. 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 సర్టిఫికెట్లు ఆగిపోయాయి, ఇప్పుడు క్లాస్ 3 ఒక్కటే. మన దగ్గర ఎక్కువగా నడిచేది 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ అనే సంతకం పద్ధతి, దాంతో షా-256 అనే హ్యాష్ పద్ధతి. పాత 1024 బిట్ల తాళాలనీ షా-1నీ 2012 జనవరి 1 నుంచి పక్కన పెట్టి ఈ పద్ధతికి మార్చారు. సీసీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణాధికారి) కింద తాళం మార్పు అప్పుడొకసారి జరిగింది కాబట్టి మళ్ళీ జరిగితే ఆకాశం ఊడిపడదు.

అసలు మీకు టోకెన్ అవసరమా అన్నది కూడా చూసుకోండి. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్ళు జీఎస్టీ రిటర్నులు ఓటీపీతో దాఖలు చేసుకోవచ్చు, దానికి టోకెన్ అక్కర్లేదు. కంపెనీలకూ ఎల్‌ఎల్‌పీలకూ తప్పదు. కస్టమ్స్ ఐస్‌గేట్‌లో దాఖలు చేసే ఎగుమతిదారులకు, ఈ-టెండర్లు వేసే కాంట్రాక్టర్లకు, ఎంసీఏలో (కంపెనీల వ్యవహారాల శాఖ పోర్టల్‌లో) సంతకం పెట్టే డైరెక్టర్లకు కావాలి. టెండర్ల కోసమైతే కొన్ని పోర్టళ్ళు సైనింగ్‌తో పాటు ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. రెండూ కలిపి తీసుకున్నారో లేదో బిల్లు కట్టకముందే చూసుకోండి. టెండరు గడువు రోజు మధ్యాహ్నం మూడింటికి తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక అందరూ ఎదురుచూస్తున్న కొత్త తాళం. మే నెలలో కాలువలు ఎండి, ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఎప్పుడు వదులుతారా అని ఆయకట్టు రైతు చూసినట్టు ఈ రంగంలో వాళ్ళు ఎనిమిదేళ్ళు అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్ వైపు చూశారు. 2016 డిసెంబరులో క్వాంటంని తట్టుకునే పద్ధతులు పంపమని పిలుపు ఇచ్చారు. 2017 నవంబరు గడువుకి 82 ప్రతిపాదనలు వస్తే 69 పరిశీలనకు నిలిచాయి. వడపోతలన్నీ అయ్యాక 2022 జూలై 5న నాలుగింటిని ఎంపిక చేశారు, 2024 ఆగస్టు 13న మూడు ప్రమాణాలు అచ్చయ్యాయి. ఫిప్స్ (నిస్ట్ ప్రమాణాలకు పెట్టే పేరు) 203 తాళంచెవి పంచుకోవడానికి, దాని పేరు ఎమ్ఎల్-కెమ్. ఫిప్స్ 204, 205 సంతకాలకు, అవి ఎమ్ఎల్-డీఎస్‌ఏ, ఎస్ఎల్‌హెచ్-డీఎస్‌ఏ. నాలుగోది ఫాల్కన్, ఎఫ్ఎన్-డీఎస్‌ఏ అని పేరు మార్చుకుంది. 2022లోనే ఎంపికైనా ఆ మూడింటితో పాటు అచ్చు కాలేదు.

ఇంత ఆలస్యం ఎందుకని విసుక్కునేవాళ్ళు 2022లో జరిగిన రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. రెయిన్‌బో అనే సంతకం పద్ధతి చివరి వరుస దాకా వచ్చింది. ఆ ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు దాని చిన్న సైజు తాళాన్ని మామూలు ల్యాప్‌టాప్ మీద ఒక వారాంతంలో విప్పొచ్చని చూపించాడు. సైక్ అనేది నాలుగో రౌండుకి వెళ్ళింది. వెళ్ళిన నెల తిరక్కుండా దాన్ని ఒక్క ప్రాసెసర్ కోర్ మీద గంటలో విప్పేశారు. ఈ రెండింటికీ క్వాంటం యంత్రం అవసరం రాలేదు, మామూలు లెక్కతోనే పడిపోయాయి. తొందరపడి వాటిని టోకెన్లలో పోసి డెల్టా అంతా అమ్మి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. గట్టు తడిపి, నీళ్ళు ఎక్కించి, ఎక్కడ ఊట వస్తుందో చూశాకే రొయ్య పిల్ల వదులుతాం. అంత ఓపికా ఇక్కడా అవసరమే.

ఎంపిక అయిపోయింది కదా, మన టోకెన్‌లోకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా ఎందుకు రాదంటారా? సైజు దగ్గరే అసలు చిక్కు. ఆర్‌ఎస్‌ఏ 2048 సంతకం 256 బైట్లు. ఎమ్ఎల్-డీఎస్‌ఏలో అన్నిటికన్నా చిన్నదైన 44లో సంతకం 2,420 బైట్లు, పబ్లిక్ కీ (సంతకాన్ని సరిచూడడానికి అందరికీ ఇచ్చే తాళంచెవి) 1,312. దాని పైమెట్టు 65లో సంతకం 3,309, పబ్లిక్ కీ 1,952. అంటే సర్టిఫికెట్ ఒక్కటే, దాని మీద అధికార సంస్థ పెట్టే సంతకంతో కలిపి 5 కిలోబైట్లు దాటుతుంది. మీ సర్టిఫికెట్, దాని పైన జారీ చేసిన సంస్థది, ఆ పైన సీసీఏ రూట్, గొలుసు మొత్తం అలాగే పెరుగుతుంది. ఎస్ఎల్‌హెచ్-డీఎస్‌ఏలో చిన్నదాని సంతకమే 7,856 బైట్లు. ఇప్పుడున్న టోకెన్ల చిప్‌లో చోటు కొన్ని పదుల కిలోబైట్లే, అందులో ఉన్న లెక్కల యంత్రాంగం ఆర్‌ఎస్‌ఏ పెద్ద గుణకారాలకు కట్టింది. పైగా టోకెన్ల భద్రత చూసే ఫిప్స్ 140-2 పరీక్షలో నెగ్గిన ఫర్మ్‌వేర్‌ని ముట్టుకుంటే ఆ ధృవీకరణ వర్తించదు, మళ్ళీ పరీక్షకు పెట్టాలి. కాబట్టి కొత్త సంతకం అంటే కొత్త టోకెనే.

టోకెన్ తయారీదారుల కళ్ళు ఎఫ్ఎన్-డీఎస్‌ఏ మీద ఉండడానికి కారణం ఇదే. దాని 512 సైజులో సంతకం 666 బైట్లు, పబ్లిక్ కీ 897. ఇంత బాగుంటే ముందు దాన్నే ఎందుకు తేలేదంటే, సంతకం చేసేటప్పుడు దశాంశాల లెక్కలు వస్తాయి. ఆ లెక్కకు పట్టే సమయం, లాగే కరెంటు తాళంచెవిని బట్టి మారకుండా చిన్న చిప్‌లో కట్టడం చాలా కష్టం. మారితే పక్కన కొలిచేవాడికి రహస్యం చిక్కుతుంది. ఇదికాక నిస్ట్ సంతకాలకే విడిగా ఇంకో పోటీ పెట్టింది. 2023లో 40 ప్రతిపాదనలు తీసుకుని, 2024 అక్టోబరులో వాటిని 14కి తగ్గించింది. సంతకాల పందెం ఇంకా ముగియలేదు. పైగా అక్కడ అచ్చైనంత మాత్రాన మన పోర్టళ్ళలో చెల్లదు. సీసీఏ తన నిబంధనల్లో రాయాలి, లైసెన్సున్న సంస్థలు జారీ చేయాలి, జీఎస్టీ, ఎంసీఏ, ఐస్‌గేట్ వాళ్ళ సర్వర్లు ఆ సంతకాన్ని చదవగలగాలి. ఈ మూడూ కుదరకుండా ఎవరైనా “క్వాంటం ప్రూఫ్ డీఎస్సీ” అని ఎక్కువ రేటు చెబితే, అందులో ఏ అల్గారిథమ్ ఉందో బిల్లు మీద రాసివ్వమనండి.

భయం ఎంతవరకు నిజం? అమరావతి క్వాంటం వ్యాలీకి ప్రకటించిన ఐబీఎం యంత్రం ప్రాసెసర్‌లో 156 క్యూబిట్లు (క్వాంటం యంత్రం లెక్క చేసే మూల భాగాలు). ఆర్‌ఎస్‌ఏ 2048ని విప్పడానికి 2019లో వేసిన లెక్క ప్రకారం 2 కోట్ల క్యూబిట్లు కావాలి. 2025 మేలో గూగుల్ పరిశోధకుడొకరు దాన్ని 10 లక్షల లోపుకి, వారం లోపు సమయానికి దించారు. 156కీ 10 లక్షలకీ మధ్య చాలా దూరం ఉంది. కానీ ఆ పెద్ద అంకె ఆరేళ్ళలో ఇరవయ్యో వంతుకి పడిపోయిందన్నది కూడా మరిచిపోకూడదు. నిస్ట్ 2024 నవంబరు ముసాయిదాలో 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏని 2030 తర్వాత వద్దని చెప్పే జాబితాలోకి, 2035 తర్వాత పూర్తిగా నిషేధంలోకి పెట్టింది. 2026లో తీసుకున్న మూడేళ్ళ సర్టిఫికెట్ 2029లో తీరిపోతుంది. ఈ గడువుల్లోపలే.

సంతకానికి ఇంకో సౌలభ్యం ఉంది. ఈరోజు పెట్టిన సంతకాన్ని ఈరోజే పోర్టల్ సరిచూస్తుంది. పదేళ్ళ తర్వాత ఎవరో ఆర్‌ఎస్‌ఏని విప్పినా, ఈ నెల మీరు వేసిన రిటర్ను వెనక్కి పోదు. రహస్యం సంగతి అలా కాదు. గాదెలో వడ్లు పోసి, దంచే మిల్లు వచ్చేదాకా ఆగే దొంగ ఉంటాడు. మీరు తాళం వేసి పంపే డేటా ఇప్పుడు అర్థంకాకపోయినా ఈరోజు దారిలో పట్టి దాచుకుంటాడు, యంత్రం చేతికొచ్చిన రోజు విప్పుకుంటాడు. అందుకని ప్రతి రహస్యానికీ దాని ఆయుష్షు ఎంతో లెక్కేయాలి. టెండరు రేటు బిడ్డు తెరిచేదాకానే రహస్యం, ఆ తర్వాత అందరికీ తెలిసేదే. 40 కౌంట్ రొయ్యకి కొనుగోలుదారుడితో మాట్లాడుకున్న ధర ఒక సీజను. కానీ కూలీల ఆధార్ నంబర్లు, ఆసుపత్రి రికార్డులు, బ్యాంకుకిచ్చిన ఆస్తి పత్రాల స్కాన్లు యాభై ఏళ్ళయినా రహస్యంగానే ఉండాలి. అవి వెళ్ళే దారికి కొత్త తాళం ఇప్పుడే కావాలి. అది సిద్ధంగా ఉంది, డబ్బు కూడా పెట్టనక్కర్లేదు.

ఆ దారి మీ బ్రౌజరే. క్రోమ్ 124 నుంచి, అంటే 2024 ఏప్రిల్ నుంచి, డెస్క్‌టాప్‌లో తాళంచెవి పంచుకునే పాత పద్ధతి ఎక్స్25519 పక్కన కైబర్‌ని (ప్రమాణం కాకముందు ఎమ్ఎల్-కెమ్ పేరు) కలిపి వాడడం మొదలైంది. 131 నుంచి ప్రమాణంగా వచ్చిన ఎమ్ఎల్-కెమ్‌కి మారింది. రెండు తాళాలూ కలిపి వేస్తారు కాబట్టి కొత్తదాంట్లో లోపం దొరికినా పాతది కాపాడుతుంది. ఒక సైటు వాడుతోందో లేదో తెలియాలంటే ఆ పేజీలో ఎఫ్12 నొక్కి సెక్యూరిటీ (కొత్త వెర్షన్లలో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ) ట్యాబ్ తెరవండి. కనెక్షన్ వివరాల్లో ఎక్స్25519 పక్కన ఎమ్ఎల్‌కెమ్768 అని కనబడితే కొత్తది, ఎక్స్25519 ఒక్కటే ఉంటే లేదా పీ-256 అనే ఇంకో పాత పద్ధతి ఉంటే అవతలి సర్వరు ఇంకా మారలేదు. సర్వరు మారకపోతే మీరు చేయగలిగింది లేదు, మీ వైపు మాత్రం సిద్ధంగా ఉంచండి.

మీ వైపు సిద్ధంగా లేకపోవడానికి మన మిల్లుల్లో పెద్ద కారణం విండోస్ 7. తూకం సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుందని ఆ కంప్యూటర్‌ని కదపరు. విండోస్ 7లో క్రోమ్ 109తో ఆగిపోతుంది, ఎమ్ఎల్-కెమ్ దానికి రాదు. తూకం యంత్రాన్ని దాని మానాన వదిలి, పోర్టళ్ళకూ బ్యాంకుకీ వేరే కంప్యూటరు పెట్టండి.

రెండో అవాంతరం పాత ఫైర్‌వాల్ పెట్టెలు. ఎమ్ఎల్-కెమ్ 768 పబ్లిక్ కీ 1,184 బైట్లు. పాతదానిలో 32 బైట్లే. దాంతో బ్రౌజరు పంపే మొదటి పలకరింపు ఒక ప్యాకెట్‌లో పట్టక రెండుగా వెళ్తుంది. మొదటి ప్యాకెట్‌లోనే అంతా ఉంటుందనుకునే పాత పెట్టెలు అక్కడే నిలబడిపోతాయి. ఆఫీసు నెట్ మీద సైటు తిరుగుతూనే ఉండి, ఫోను హాట్‌స్పాట్ మీద వెంటనే తెరుచుకుంటే, ఇంకో కంప్యూటరు నుంచి చూసినా అదే వరస అయితే, అనుమానం ముందు ఫైర్‌వాల్ మీద పడాలి. దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయించండి. క్రోమ్‌లో కొత్త తాళాన్ని ఆపేసి పని కానిచ్చుకోవడం మందు కాదు.

కంప్యూటరులో దాచిన బ్యాకప్పులను ఏఈఎస్-256తో తాళం వేసి ఉంటే వాటి జోలికి వెళ్ళనక్కర్లేదు. 2000 అక్టోబరు 2న ఎంపికైన ఆ పద్ధతికి క్వాంటం వల్ల వచ్చే నష్టం చిన్నది, 256 బిట్లు దాన్ని తట్టుకుంటాయి. పాస్‌వర్డ్ బలంగా ఉంటే చాలు.

ఇప్పుడు రెండున్నర మార్కులు ఎందుకో చెప్పాలి. డెల్టా పట్టణాల్లో ఏ పన్నుల ఆఫీసు సొరుగు లాగినా కనబడే దృశ్యం ఇది. టోకెన్లు వరసగా, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు, బ్యాండు కింద మడిచిన చీటీ, చీటీ మీద కంపెనీ పేరు, పిన్. చాలాసార్లు ఆ పిన్ టోకెన్‌తో వచ్చిన 12345678 అనేదే. పది లక్షల క్యూబిట్ల యంత్రం దేనికి, ఆ సొరుగు తాళం చాలు. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆ తాళంచెవి మీ అదుపులో ఉండేలా జాగ్రత్త పడాల్సింది మీరే, చెయ్యి దాటిందని తెలిస్తే వెంటనే జారీ చేసిన సంస్థకు చెప్పాల్సింది కూడా మీరే. టోకెన్ మీ దగ్గర ఉంచుకోండి, సంతకం ఉన్న రోజు తీసుకెళ్ళండి. రోజూ కుదరదంటే కనీసం పిన్ మీరే కొట్టండి.

దరఖాస్తు దగ్గర ఎక్కువగా ఆగిపోయేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉండడం మన వైపు మామూలు. పేరు పొసగకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది, ముందు అదొకటి సరిచేసుకోండి. పాన్, ఆధార్, మొబైల్‌కి ఒకటి ఈమెయిల్‌కి ఒకటి ఓటీపీ, చివర వీడియో. వీడియోలో మాట్లాడాల్సింది దరఖాస్తుదారుడే, గుమస్తా కాదు. ఈమెయిల్ కూడా మీదే ఇవ్వండి. ఏజెంటు తనది ఇచ్చేస్తే గడువు హెచ్చరికలన్నీ అటే పోతాయి. ఓటీపీలు ఫోనులో చదివి చెప్పొద్దు.

రెన్యూవల్‌లో జరిగే పెద్ద తప్పు, కొత్తది ఎక్కించడానికి పాత టోకెన్‌ని ఇనిషియలైజ్ చేయడం. అలా చేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి. సైనింగ్ పోతే పోయింది, ఎన్‌క్రిప్షన్ తాళంచెవి పోతే దాంతో తాళం వేసినవి ఇక తెరుచుకోవు. తెరవని టెండర్లు ఏవైనా ఉంటే పాతదాన్ని ముట్టుకోనివ్వకండి. పిన్ వరసగా తప్పు కొట్టినా టోకెన్ లాక్ అయి చివరికి ఇదే గతి పడుతుంది. కొత్త సర్టిఫికెట్ వచ్చాక జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఎంసీఏ పోర్టళ్ళలో విడివిడిగా మళ్ళీ నమోదు చేయాలి. సంతకం దగ్గర పాత సర్టిఫికెట్టే కనబడుతుంటే విండోస్ సర్టిఫికెట్ మేనేజర్‌లో పర్సనల్ కింద గడువు తీరినదాన్ని తీసేయండి. అది టోకెన్‌లో ఉన్నదాన్ని చెరపదు. జీఎస్టీలో ఈఎంసైనర్ (ఆ పోర్టల్ వాడే సంతకం సాఫ్ట్‌వేర్) కలవడం లేదని వస్తే దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, బ్రౌజరులో 127.0.0.1 పోర్టు 1585ని సురక్షిత చిరునామాగా ఒకసారి తెరిచి అనుమతించండి. ఇంకో సంతకం సాఫ్ట్‌వేర్ అదే పోర్టు పట్టుకుని కూర్చున్నా ఇదే లక్షణం.

నరసాపురం, అంతర్వేది వైపు, ప్లాంటుల లోపల, ఉప్పు గాలికి యూఎస్‌బీ మొన మీద పచ్చగా చిలుము పడుతుంది. టోకెన్ కనబడుతూ మాయమవుతుంటే ముందు అది చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి నాలుగు బంగారు రంగు పట్టీలు తుడిచి, ఆరాక పెట్టండి. మూత ఉన్న చిన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి అందులో దాచండి.

మూడేళ్ళది ఏ పనికి సరిపోదంటే, చాలా ఏళ్ళు నిలవాల్సిన ఒప్పందాలకు. ఇరవై ఏళ్ళ చెరువు లీజు, భాగస్వామ్య పత్రం లాంటివి పీడీఎఫ్ మీద ఆర్‌ఎస్‌ఏ సంతకంతో మాత్రమే ఉంటే, తాళం విరిగిన రోజున వెనక తేదీ వేసి నకిలీ పుట్టించొచ్చు. టైమ్‌స్టాంప్ ఉన్నా అదీ ఆర్‌ఎస్‌ఏదే అయితే కొత్త పద్ధతితో మళ్ళీ వేయించాలి. అలాంటివి స్టాంపు కాగితం మీద సంతకాలతో, రిజిస్టర్ కావాల్సినవైతే రిజిస్టర్ చేయించి, అసలు ప్రతి బీరువాలో ఉంచుకోండి.

కొనేటప్పుడు టోకెన్ ధర వేరుగా, సర్టిఫికెట్ ధర వేరుగా, 18 శాతం జీఎస్టీతో బిల్లు అడగండి. టోకెన్ ఫిప్స్ ధృవీకరణ 140-2దా, దాని తర్వాత వచ్చిన 140-3దా అన్నది అందులో రాయించండి. 140-2వన్నీ 2026 సెప్టెంబరు 21న నిస్ట్ పాత జాబితాలోకి వెళ్తాయి. రెండూ దొరికే చోట 140-3 తీసుకోండి.